విశాఖపట్నం నుంచి గన్నవరానికి: విమాన దూరాన్ని, ప్రయాణ సమయాన్ని మీరే లెక్కగట్టుకోవడం ఎలా

విశాఖపట్నం నుంచి విజయవాడకు విమానంలో ఎంత దూరమని నలుగురిని అడిగితే ఒకరు 290 అంటారు, ఒకరు 350 అంటారు, ఇంకొకరు 180 అని, మరొకరు 156 అని చెబుతారు. నాలుగూ నిజమే. మొదటిది కిలోమీటర్లలో సూటి దూరం, రెండోది రైలు పట్టాల వెంబడి దూరం, మూడోది మైళ్లలో, నాలుగోది పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో. సమయం సంగతీ ఇంతే. ముప్పావు గంట అన్నవారూ గంటా అయిదు నిమిషాలు అన్నవారూ నాలుగు గంటలు పట్టిందన్నవారూ ఒకే విమానం ఎక్కి ఉండవచ్చు. కొలత ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. కాబట్టి ఏ క్రమంలో లెక్క వేస్తే ప్రయాణానికి పనికొచ్చే అంకె చేతికి వస్తుందో ఇక్కడ వివరిస్తున్నాను. ఫోనులోని క్యాలిక్యులేటర్ తప్ప మరే సాధనమూ అక్కరలేదు.

ముందు రెండు చివరలూ తేల్చుకోండి

దూరం ఊరి నుంచి ఊరికి కాదు, రన్‌వే నుంచి రన్‌వేకి. విజయవాడ విమానం దిగేది గన్నవరంలో. రాజమండ్రి అంటే మధురపూడి, తిరుపతి అంటే రేణిగుంట, హైదరాబాద్ అంటే శంషాబాద్. 2008లో శంషాబాద్ తెరిచాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అయినా పాత పట్టికలను నకలు చేసిన చోట్ల ఇప్పటికీ బేగంపేట అంకెలే కనబడతాయి, దానివల్ల, వచ్చే దిక్కును బట్టి, ఇరవై కిలోమీటర్ల దాకా తేడా రావచ్చు.

విశాఖ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటాక వచ్చే విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా ఆవరణలోనిది. నగరానికి ఈశాన్యంగా, సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న భోగాపురం విమానాశ్రయం వేరు. టికెట్ మీద బయలుదేరే చోటు ఏది రాసి ఉందో చూసుకున్నాకే లెక్క మొదలుపెట్టండి. గన్నవరం నైరుతి దిక్కున ఉంది కాబట్టి, భోగాపురం నుంచి బయలుదేరే విమానానికి గగన దూరం దాదాపు నలభై కిలోమీటర్లు పెరుగుతుంది. గాలిలో అది అయిదు నిమిషాల పని, నేల మీద మాత్రం చాలా పెద్ద విషయం. దాని గురించి చివర్లో చెబుతాను.

అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి

ఫోనులోని పటంలో రన్‌వే మధ్యభాగాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. దశాంశం తర్వాత రెండు స్థానాలు చాలు. విశాఖ విమానాశ్రయానికి 17.72, 83.22 వస్తాయి, గన్నవరానికి 16.53, 80.80 వస్తాయి.

పుస్తకాల్లోనూ విమానయాన పత్రాల్లోనూ ఇవే విలువలు డిగ్రీలు, నిమిషాలుగా ఉంటాయి. విశాఖ అక్షాంశం అక్కడ 17 డిగ్రీల 43 నిమిషాలు. దీన్ని 17.43 అని రాసుకుంటే లెక్క చెడుతుంది, ఎందుకంటే డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి 43ను 60తో భాగించాలి. అప్పుడు 0.72 వస్తుంది. ఈ ఒక్క పొరపాటుకే గమ్యం ముప్పై కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది.

సూటి దూరం కట్టండి

ఇప్పుడు అసలు లెక్క. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ కదిలితే అరవై నాటికల్ మైళ్లు కదిలినట్టే. నాటికల్ మైలు అనే కొలత పుట్టిందే అలా, అక్షాంశంలో ఒక నిమిషానికి ఒక మైలుగా. విమానయానం ఇప్పటికీ కిలోమీటర్లను కాదని ఆ కొలతనే పట్టుకుని ఉండడానికి ఈ సౌలభ్యమే కారణం.

విశాఖ, గన్నవరాల అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు. దాన్ని 60తో గుణిస్తే 71.4 నాటికల్ మైళ్లు. అంటే గన్నవరం విశాఖకు అంత దక్షిణంగా ఉందన్నమాట.

రేఖాంశాల తేడా 2.42 డిగ్రీలు. 60తో గుణిస్తే 145.2. కానీ దీన్ని ఉన్నదున్నట్టు వాడకూడదు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి, మనం ఉన్న అక్షాంశానికి తగినట్టు ఈ అంకెను కుదించాలి. రెండు అక్షాంశాల సగటు 17.125. క్యాలిక్యులేటర్‌లో దాని కొసైన్ (cos మీట) చూస్తే 0.956 వస్తుంది. మైనస్ 0.15 వచ్చిందంటే యంత్రం డిగ్రీల్లో కాక రేడియన్లు అనే మరో కోణ కొలతలో ఉందని అర్థం, మార్చుకుని మళ్లీ చూడండి. 145.2ను 0.956తో గుణిస్తే 138.8 నాటికల్ మైళ్లు. గన్నవరం విశాఖకు అంత పడమరగా ఉంది.

దక్షిణంగా 71.4, పడమరగా 138.8. లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు దొరికాయి, మూడో భుజానికి బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రమే. 71.4 వర్గం 5,098. 138.8 వర్గం 19,265. మొత్తం 24,363. దాని వర్గమూలం 156. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి 156ను దానితో గుణిస్తే 289 కిలోమీటర్లు వస్తుంది. 290 అనుకుందాం, ఎందుకంటే రెండు దశాంశ స్థానాలతో మొదలైన లెక్కలో చివరి అంకె మీద పట్టుదల అనవసరం. మైళ్లలో కావాలంటే 180.

కొసైన్ వేయడం మరిచిపోతే ఇదే లెక్క 300 చూపిస్తుంది. మన ప్రాంతంలో పోయేది పది కిలోమీటర్లే, కానీ అదే పద్ధతిలో శ్రీనగర్ దాకా వెళ్లి లెక్క కడితే తప్పు ఇంకా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ లోపల ఒక విమానాశ్రయం నుంచి మరొక దానికి అయితే కొసైన్ చూసే శ్రమ కూడా లేకుండా 0.96తో గుణించేయవచ్చు, ఏ జంటకైనా పెద్ద తేడా రాదు. ఈ పద్ధతిలో భూమి వంపును కొంత చదునుగా ఊహించుకుంటున్నాం. ఢిల్లీ దాకా అది పనిచేస్తుంది. సింగపూర్ లాంటి దూరాలకు మాత్రం గోళ త్రికోణమితి సూత్రం వాడాలి.

ఈ గీతను పటం మీద గీసి చూడమని నా సలహా. తుని దగ్గరగా వెళ్లి, రాజమండ్రి మీదుగా గోదావరి దాటి, ఏలూరు పక్క నుంచి గన్నవరం చేరుతుంది. రైలు దారి కూడా ఇంచుమించు ఈ ఊళ్ల మీదుగానే పోతుంది కదా అనిపిస్తుంది. పట్టాలు సామర్లకోట కోసం తీరం వైపు వంగి రావడం, ఊరూరా మెలికలు తిరగడం, గన్నవరం దాటి విజయవాడ స్టేషన్ దాకా మరో ఇరవై కిలోమీటర్లు పోవడం, ఇవన్నీ కలిసి 290ని 350 చేశాయి. తీరాంధ్రలో సూటి దూరానికి, నేల దూరానికి తేడా ఇంత తక్కువ ఉండడం వల్లనే రైలు ఇక్కడ విమానానికి గట్టి పోటీ ఇస్తుంది.

గాలిలో ఎంతసేపు

చాలామంది ఇక్కడే దూరాన్ని వేగంతో భాగించి పని అయిపోయిందనుకుంటారు. ఎయిర్‌బస్ 320 రకం జెట్ విమానం గంటకు 830 కిలోమీటర్ల దాకా పోతుంది కాబట్టి 290 కిలోమీటర్లకు ఇరవై ఒక్క నిమిషాలు చాలని తేలుస్తారు. ఆ ఇరవై ఒక్క నిమిషాల్లో గన్నవరం చేరిన ప్రయాణికుడు ఎవరూ లేరు.

ఎందుకో చూడండి. చిన్న దారుల్లో ఎక్కువగా తిరిగే ఏటీఆర్ 72 రకం విమానం, రెండు ప్రొపెల్లర్లతో నడిచేది, సమతలంగా ఎగిరేటప్పుడు గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పదహారు వేల అడుగుల ఎత్తుకు చేరేసరికే అది 65 కిలోమీటర్ల దారి మింగేస్తుంది, అప్పటికి ఇంకా పూర్తి వేగం అందుకోదు. దిగడానికి మరో 90 కిలోమీటర్లు కావాలి. ఇక పూర్తి వేగంతో ఎగరడానికి మిగిలింది 135 కిలోమీటర్లే. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుని, ఆకాశం తేటగా ఉంటే, రాజమండ్రి వద్ద గోదావరి కనబడే చోటు చూడండి. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట గీత గీసినట్టు అడ్డంగా ఉంటుంది, అక్కడి నుంచి నది పాయలుగా విడిపోతుంది. అది మొత్తం దారిలో అయిదింట మూడు వంతులు పూర్తయ్యే చోటు. ఆ పాయలు వెనక్కి పోయిన కాసేపటికే ఇంజన్ల శబ్దం తగ్గి, విమానం దిగడం మొదలవుతుంది.

జెట్ విమానానికి ఈ దారి మరీ ఇరుకు. పదివేల అడుగుల దిగువన 250 నాట్‌ల (గంటకు 250 నాటికల్ మైళ్ల) వేగం, అంటే గంటకు 463 కిలోమీటర్లు, మించకూడదన్న నియమం ఉంది. అంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కొంతసేపు ఎయిర్‌బస్ కూడా ఏటీఆర్ సమతలంగా ఎగిరే వేగం కంటే నెమ్మదిగానే పోవాలి.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. ఏటీఆర్ అయితే దూరాన్ని 500తో భాగించి, వచ్చిన నిమిషాలకు పది కలపండి. జెట్ అయితే 800తో భాగించి పదిహేను కలపండి. ఇవి నేను వాడే ఉజ్జాయింపులు, ఏ సంస్థ నియమాలూ కావు. గన్నవరానికి ఏటీఆర్‌లో 35కు 10 కలిపితే 45 నిమిషాలు. ఎయిర్‌బస్‌లో 22కు 15 కలిపితే 37 నిమిషాలు. వేగంలో అరవై శాతం ఎక్కువున్న విమానం ఎక్కితే మిగిలేది ఎనిమిది నిమిషాలు! ఈ దారిలో జెట్ కోసం టికెట్‌కు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం.

గాలి సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఏటీఆర్‌కు గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గన్నవరం దారిలో మూడు నిమిషాలు పెరుగుతాయి, వెన్నుగాలి అయితే అంతే తగ్గుతాయి. దాన్ని పట్టించుకోనక్కరలేదు. ఢిల్లీ దారి అలా కాదు. విశాఖ నుంచి అది సుమారు 1,360 కిలోమీటర్లు, పైగా శీతాకాలంలో ఉత్తర భారతం మీద పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి జెట్ గాలులు బలంగా వీస్తాయి. ఆ గాలి విమానం ముక్కుకు ఎదురుగా గంటకు 70 కిలోమీటర్ల మేర పనిచేసిందనుకుంటే, పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ పదిహేడు నిమిషాల దాకా తేడా వస్తుంది. టైంటేబుల్‌లో రానుపోను సమయాలు వేర్వేరుగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే.

టికెట్ మీది సమయం

టికెట్ మీద చూపే బయలుదేరే వేళ చక్రాలు నేల విడిచే వేళ కాదు, విమానం నిలిచిన చోటు నుంచి కదిలే వేళ. చేరే వేళ కూడా అంతే, దిగిన విమానం తన చోటికి వచ్చి ఆగే వేళ. అందువల్ల గాలిలోని సమయానికి నేల మీద దొర్లే సమయం కలపాలి. విశాఖ, గన్నవరం లాంటి చోట్ల రెండు చివరలకూ కలిపి పదిహేను నిమిషాలు, శంషాబాద్ ఒక చివర ఉంటే ఇరవై నిమిషాలు వేసుకోండి.

గన్నవరానికి ఏటీఆర్‌లో 45, 15 కలిపి గంట. శంషాబాద్‌కు ఇదే పద్ధతిలో సూటి దూరం 511 కిలోమీటర్లు, ఎయిర్‌బస్‌లో 38, 15, 20 కలిపి గంటా పదమూడు నిమిషాలు. టికెట్ మీద మీకు కనిపించే సమయం దీనికి అయిదు పది నిమిషాలు ఎక్కువుంటే ఆశ్చర్యపోకండి. ఆలస్యాలకు ఆసరాగా సంస్థలు కొంత వెసులుబాటు కలిపే టైంటేబుల్ వేస్తాయి. విశాఖలో ఆ వెసులుబాటు అవసరం కూడా. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు ఉన్న సందులో రన్‌వే ఉంది, పైగా అదే రన్‌వే మీద నౌకాదళపు విమానాలూ ఎగురుతాయి. కొంతసేపు ఆకాశంలో చుట్లు కొట్టించినా, నేల మీద ఆపి ఉంచినా అది ఇక్కడ వింతేమీ కాదు.

ఇంటి గుమ్మం నుంచి లెక్క

ఇప్పటిదాకా కట్టినదంతా ఒక గంట గురించే. మిగతా మూడు గంటలూ నేల మీదే ఉంటాయి, ప్రయాణం లాభమా నష్టమా తేల్చేదీ అవే.

ఎంవీపీ కాలనీలో బయలుదేరి విజయవాడ బెంజ్ సర్కిల్ చేరాలనుకుందాం. విమానాశ్రయానికి ముప్పావు గంట. సాధారణంగా చెక్-ఇన్ కౌంటర్లు బయలుదేరే వేళకు గంట ముందే, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందే మూసేస్తారు కాబట్టి, లగేజీ ఉన్నవారు గంటన్నర ముందు అక్కడ ఉండాలి. విమానానికి, టైంటేబుల్ వెసులుబాటు కూడా కలిపి, గంటా అయిదు నిమిషాలు. దిగి, బెల్టు దగ్గర పెట్టె అందుకోవడానికి ఇరవై నిమిషాలు. గన్నవరం నుంచి జాతీయ రహదారి మీద రామవరప్పాడు దాటి బెంజ్ సర్కిల్ చేరడానికి నలభై నిమిషాలు. అన్నీ కలిపితే నాలుగు గంటల ఇరవై నిమిషాలు.

వందే భారత్ రైలు విశాఖ నుంచి విజయవాడకు సుమారు నాలుగు గంటలు తీసుకుంటుంది. ఎంవీపీ నుంచి స్టేషన్‌కు పాతిక నిమిషాలు, అక్కడ ముందుగా ఉండడానికి మరో పాతిక, దిగాక బెంజ్ సర్కిల్‌కు ఇరవై. మొత్తం అయిదు గంటల పది నిమిషాలు. అంటే విమానం మిగిల్చేది యాభై నిమిషాలు. చేతి సంచీతోనే ప్రయాణిస్తే, ఇంట్లోనే వెబ్ చెక్-ఇన్ చేసుకుంటే ఇంకో నలభై, యాభై నిమిషాలు కలిసొస్తాయి. లగేజీతో వెళ్లేవారికి మాత్రం విమానం గంట ఆలస్యమైతే ఉన్న లాభం ఎగిరిపోతుంది.

మీరు ఉండే చోటును బట్టి ఈ లెక్క తిరగబడుతుంది. గాజువాక వారికి ఐఎన్‌ఎస్ డేగాలోని విమానాశ్రయం ఇరవై నిమిషాల దూరంలో ఉంది కాబట్టి విమానం స్పష్టంగా ముందుంటుంది. అదే గాజువాక నుంచి భోగాపురం వెళ్లి ఎక్కాలంటే నగరమంతా దాటి గంటన్నర దాకా ప్రయాణించాలి. అప్పుడు రైలుకూ విమానానికీ మధ్య తేడా దాదాపు మాసిపోతుంది. మధురవాడ, ఆనందపురం వారికి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పటం మీద నలభై కిలోమీటర్లు జరగడం గాలిలో అయిదు నిమిషాలు, నేల మీద గంటకు పైనే అని మొదట చెప్పదలిచింది ఇదే.

తిరుపతికి అయితే

దూరం పెరిగితే నేల మీది గంటలు అలాగే ఉండి, రైలు గంటలు మాత్రం పెరుగుతాయి. రేణిగుంట 13.63, 79.54 దగ్గర ఉంది. పై పద్ధతిలో లెక్క కడితే సూటి దూరం సుమారు 600 కిలోమీటర్లు, ఎయిర్‌బస్‌లో టికెట్ సమయం గంటంబావు, ఏటీఆర్‌లో గంటా నలభై నిమిషాలు. రైలులో అయితే ఒక రాత్రంతా పోతుంది. ఇక్కడ విమానానికి పోటీ లేదు, నేరుగా పోయేది దొరికితే. హైదరాబాద్‌లో మారాల్సి వస్తే 511కు అక్కడి నుంచి మరో 418 కలిసి దారి 929 కిలోమీటర్లు అవుతుంది, మధ్యలో నిరీక్షణ గంటన్నర వేసుకున్నా టికెట్ సమయం దాదాపు నాలుగు గంటలు అవుతుంది.

దర్శనానికి వెళ్లేవారు లెక్కను చివరి నుంచి వెనక్కి కట్టాలి. మధ్యాహ్నం మూడింటికి కొండ మీద ఉండాలనుకోండి. పెట్టె అందుకోవడానికి ఇరవై నిమిషాలు, రేణిగుంట నుంచి అలిపిరికి ముప్పై అయిదు, అక్కడ తనిఖీకి ఇరవై, ఘాట్ రోడ్డుకు ముప్పావు గంట, మొత్తం రెండు గంటలు. చేతిలో మరో అరగంట ఉంచుకుంటే రేణిగుంటలో పన్నెండున్నరకు దిగాలి. అంటే విశాఖలో జెట్ విమానం పదకొండుంబావుకు కదలాలి, మీరు తొమ్మిదీ ముప్పావుకు విమానాశ్రయంలో ఉండాలి, ఎంవీపీ కాలనీలో తొమ్మిదింటికల్లా ఆటో ఎక్కాలి.